గోడవార వరుసకు సున్నం

మా సండే స్కూల్ టీచరమ్మ ఇక లేదు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున పాలు పోసే ఆయన శాలిబండలో ఆమె గది తలుపు ఎంతసేపు కొట్టినా తీయలేదట. కింద సైకిల్ షాపు వాళ్ళను పిలిస్తే, వాళ్ళు వచ్చి తలుపు తోశారు. దుప్పటి మెడదాకా కప్పుకొని నిద్రలోనే వెళ్ళిపోయింది. మా బిడ్డ ఫోన్ చేసి "బాపు, టీచరమ్మ..." అని ఆగిపోయింది. మిగతా మాట చెప్పనక్కర్లేకపోయింది. 

మన సంఘ పత్రికకు నాలుగు ముక్కలు రాయమని చర్చి అయ్యగారు నన్ను అడిగారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు రాస్తే ఇంకా బాగుండేది. నేను కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ముప్పై ఏళ్ళు పని చేసినవాణ్ణి, నాకు చేతనైంది అదే. కానీ ఆమె మా ఇంటికి చేసిన మేలు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అందుకే ఒప్పుకున్నాను. రాస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నిజమే. అయినా ఇంత సంతోషం ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు. అంత మంచి మనిషి మా బస్తీ పిల్లల నడుమ చాప మీద ముప్పై ఏళ్ళకు పైగా కూర్చుందంటే, ఆ చాపకు నేను దండం పెట్టుకోవాలి!

ఆమె మామూలు రోజుల్లో ఒక బళ్ళో కుట్లు, అల్లికలు నేర్పేది. ఆదివారం మాత్రం మాది. గడియారం ముంజేతి లోపలివైపు పెట్టుకునేది. టైం చూడాలంటే అరచేయి ముఖం దగ్గరికి తెచ్చుకొని, చేతి అద్దంలో చూసుకున్నట్టు చూసేది. శాలిబండ నుంచి షేర్ ఆటోలో, ఒళ్ళో పెద్ద గుడ్డ సంచి పెట్టుకొని దిగేది. ఆ సంచి చూస్తే ఆటో నడిపే చాచాకు నవ్వు.

"క్యా అమ్మా, ఆజ్ థైలీ మే క్యా హై? పిఛ్లే హఫ్తే ఈంటాఁ లాయే థే!"

"ఆజ్ మిట్టీ హై భాయ్. ఆరామ్‌సే చలావ్."

పోయిన వారం ఇటుకలు, ఈ వారం మట్టి. చర్చికి వచ్చే మనిషి సంచిలో ఇవేమిటని మేమూ మొదట్లో నవ్వుకున్నాం. బైబిల్ వాక్యంలో వంశావళులు వస్తాయి కదా, ఒకరి కొడుకు ఒకరని పేర్ల మీద పేర్లు. చదివేవాళ్ళందరూ అవి గబగబా దాటేస్తారు. ఆమె దాటనిచ్చేది కాదు.

"గీ పేర్లల్ల ఒక్కరు లేకున్నా కత ఆడనే ఆగిపోతుండె. మీ ఇండ్లల్ల గూడ గట్లనే. పోండ్రి, మీ ముసలోళ్ళు చేతులతోటి వాడిన వస్తువు ఒక్కటి పట్టుకరాండ్రి," అని పిల్లల్ని తరిమేది.

పిల్లలు ఏవేవో తెచ్చారు. తాపీ తెచ్చినవాళ్ళు, దర్జీ కత్తెర తెచ్చినవాళ్ళు, తమలపాకుల డబ్బా తెచ్చినవాళ్ళు. ఒక పిల్లవాడు వాళ్ళ తాత పళ్ళ సెట్టు జేబులో వేసుకొచ్చాడు. ఆరాధన మధ్యలో ఆ తాత బోసినోటితో గుమ్మంలో నిలబడి "నా పండ్లేవిరా!" అని ఒకటే అరుపు. అయ్యగారి ప్రసంగం ఆగిపోయింది. టీచరమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

"వచ్చినవ్ గద పెద్దన్నా, ఇగ కూసో. పండ్లు లేకున్నా కత చెప్పొచ్చు," అంది.

ఆయన నిజంగానే కూర్చున్నాడు. తను చిన్నప్పుడు చెరుకు గడలు ఎట్లా నమిలేవాడో గంటసేపు చెప్పాడు. తాపీ తెచ్చిన పిల్ల వాళ్ళ తాత మేస్త్రీ. ఆయన్నీ పిలిపించింది. చర్చి నల్లా పక్కన ఆయన చూపిస్తుంటే పిల్లలే ఇటుక మీద ఇటుక పెట్టి మోకాలెత్తు గోడ కట్టారు. వంకరగానే వచ్చింది. "ఇంకా వంకరగున్నా సరే, మీ తాత చెయ్యి ఎట్ల తిరుగుతదో మీ చెయ్యికి తెల్సింది," అనేది. బోర్డు మీద రాసి చెప్పడం ఆమెకు అంతగా నచ్చేది కాదు. "బోర్డు మీద రాసింది తుడిస్తె పోతది. గోర్లల్ల ఇరికింది వారం దాంక యాదికుంటది."

గోళ్ళలో ఇరికేది ఎక్కువగా సున్నమే. ఈస్టర్ ముందటి శనివారం సమాధుల తోటకు పోయి, మట్టి దిబ్బలు సరిచేసి, సున్నం వేసి, మరునాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పెట్టుకోవడం మాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ పని పెద్దవాళ్ళం చేసేవాళ్ళం, పిల్లలు చుట్టూ ఆడుకునేవాళ్ళు. ఆమె వచ్చాక కుంచెలు పిల్లల చేతికి ఇచ్చింది. ముందురోజే సున్నం నానబెట్టించి, ఒక్కొక్కరి చేతులకు కొబ్బరినూనె రాసి, "ఇప్పుడు మీ ముసలోళ్ళను వెతుక్కోండ్రి. దొరికినోళ్ళు వాళ్ళ గురించి నాలుగు మాటలు నోటుబుక్కుల రాసి, నాకు సదివి చూపియ్యాలె," అని చెప్పింది.

ఆ సంవత్సరం మా బిడ్డకు తొమ్మిదేళ్ళు. తండ్రులందరూ పిల్లల చేతులు పట్టుకొని, ఇదిగో మీ తాత, అదిగో మీ ముత్తవ్వ అని చూపిస్తున్నారు. మా బిడ్డ సున్నం డబ్బా పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"బాపు, మా నాయినమ్మ యాడున్నది?"

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. మా అమ్మ ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసేది. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ముసురు పట్టిన రోజుల్లో జ్వరంతో పోయింది. వానలోనే మట్టి వేశాం. రెండు కర్రలు కలిపి సిలువ కట్టి నేనే పాతాను. ఆ తర్వాత పని, షిఫ్టులు, తిండి. కొన్నేళ్ళ పాటు అటు పోలేదు. పోయేసరికి కర్రలు లేవు. దిబ్బలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కన్నతల్లి ఎక్కడుందో తెలియని కొడుకునని ఎవరిని అడగను? సిగ్గుతో తిరిగి వచ్చేశాను. పెళ్ళయ్యాక మా ఇంటామెకు కూడా చెప్పలేదు.

అందరి ముందు, బిడ్డ అట్లా నిలబడి అడిగితే నా చేయి దానంతట అదే లేచింది. వేపచెట్టు కింద ఒక దిబ్బ కనిపించింది.

"గదేనమ్మా," అన్నాను.

అబ్బ, ఆ పిల్ల ఎంత మురిసిపోయిందో! మూడేళ్ళు, ఏటా, ఆ దిబ్బకు పెళ్ళింటి గోడకు వేసినంత శ్రద్ధగా సున్నం వేసింది. నాయినమ్మకు గాజులంటే ఇష్టమని నేనే చెప్పాను, అది నిజమే. అందుకని ఆకుపచ్చ గాజులు కొనిపించి దిబ్బ మీద పేర్చేది. తన మార్కులు చదివి వినిపించేది. నేను పక్కన నిలబడి, ఎవరో తెలియని ఆ మట్టికి లోలోపల క్షమాపణ చెప్పుకునేవాణ్ణి.

నాలుగో సంవత్సరం బిడ్డ కుంచె ముంచిందో లేదో, వేపచెట్టు వెనకనుంచి ఒక పెద్దమ్మ లేచింది. నడుముకు కొంగు చెక్కుకొని, వెంట ఇద్దరు కొడుకులతో. కార్వాన్ బస్తీ నుంచి వచ్చిన మనిషి, వేరే సంఘం.

"ఏయ్, ఆగు! మా ఆయన మీద సున్నం ఏసేదానికి నువ్వెవరే?"

నేను గబగబా బిడ్డ పక్కకు పోయాను. పెద్దమ్మ మాత్రం ఆగలేదు. "మూడేండ్ల సంది చూస్తున్న. సున్నం మా పెద్దోడు ఏసిండనుకున్న, పెద్దోడు చిన్నోడనుకున్నడు. మరి గాజులు? ఈస్టర్ నాడు మా ఆరాధన అయినంక కొవ్వొత్తి పెడ్దామని వస్తే మా ఆయన మీద ఆకుపచ్చ గాజులు! బతికున్నన్ని దినాలు ఏ ఆడిదాన్ని కన్నెత్తి చూడనోడు, పోయినంక గిదేందని ఇంట్ల నాకు నిద్ర లేదు. ఎవతో ఇయ్యాల దొరకబట్టాల్నని పొద్దుగాల్నుంచి చెట్టెనక కూసున్న!"

"అమ్మా, చిన్నపిల్లనే," అని కొడుకు ఆమె చేయి పట్టుకున్నాడు.

పెద్దమ్మ వంగి మా బిడ్డ ముఖంలోకి చూసింది. "నువ్వా పెట్టింది?"

"మా నాయినమ్మకు," అంది మా బిడ్డ.

"నాయినమ్మేందే? గీడ పండుకున్నది మా ఆయన. గింత గింత మీసాలుంటుండె."

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మా బిడ్డ నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"బాపు, మరి నాయినమ్మ యాడున్నది?"

"తెల్వదు బిడ్డా."

కుంచె డబ్బాలో పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నెల రోజులు నాతో మాట లేదు. అన్నం గిన్నె ముందు పెట్టి పోయేది. సండే స్కూలుకు పోవడం మానేసింది. ఒక సాయంత్రం వంటింట్లో వాళ్ళమ్మను అడుగుతుంటే విన్నాను. "అమ్మా, నాయినమ్మ జోల పాడేదని, జొన్నరొట్టె మీద బెల్లం పెట్టిచ్చేదని బాపు చెప్పిండు గద. గవన్ని గూడ ఉత్తయేనా? అసలు నాయినమ్మ ఉండెనా?"

 సమాధి పోగొట్టుకున్నది నేను. ఇప్పుడు నా బిడ్డ దగ్గర మా అమ్మనే లేకుండా చేశాను. ఒక్క అబద్ధంతో నేను చెప్పిన నిజాలన్నీ కొట్టుకుపోయాయి.

నాలుగు ఆదివారాలు పిల్ల రాలేదని టీచరమ్మ మా ఇంటికే వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"తమ్మీ, తెల్వదని ఒక్క మాట అంటే నీ మీసం ఊడి కిందపడుతుండెనా?"

"తప్పైంది టీచరమ్మా."

"నాకెందుకు చెప్తవ్? నేనేమన్న నీ తల్లినా, నీ బిడ్డనా? బిడ్డ ఏది?"

"లోపలున్నది. నా మొకం చూస్తలేదు."

నేను ఏడ్చేశాను. అంత పెద్ద మనిషి ఓదారుస్తుందనుకున్నాను. ఆమె ఓదార్చలేదు. చాప పక్కకు జరిపి, సంచిలోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"గీయ్. ఆ రోజు సమాధుల తోట ఎట్లుండెనో గిప్పుడు నాకు నేల మీద గీసి చూపెట్టు. గేటు యాడ?"

గేటు గీశాను. బావి గీశాను. కాపలా ఆయన గది గీశాను.

"నువ్వు యాడ నిల్సున్నవ్?"

"యాదికి లేదు టీచరమ్మా. మస్తు వాన."

"తడిసినవా?"

"తడిసిన. మా మేనమామ దగ్గర ఒక్కటే గొడుగుండె. మా మీద పట్టలే. గుంతల నీళ్ళు పడొద్దని గుంత మీద పట్టిండు."

"నువ్వేం చేసినవ్?"

"కాళ్ళల్ల సత్తువ లేక ఎనకకు ఒరిగిన." అంటూనే నా వీపుకు ఏదో తగిలినట్టయింది. "గోడ! ఎనక గోడుండె టీచరమ్మా. పాచి పట్టిన గోడ. ఆ పాచి నా అంగీకి అంటుకున్నది. ఎంత ఉతికినా పోలే."

"తోటకు నాలుగు దిక్కులా గోడలే ఉన్నయ్ తమ్మీ. ఏ గోడ? ఆ గోడకవతల ఏమన్న చప్పుడినిపిచ్చిందా?"

కళ్ళు మూసుకున్నాను. వాన చప్పుడు. పాట పాడుతున్న ఆడవాళ్ళ గొంతులు. దాని వెనక... "బర్రెలు. బర్రెలు అరుస్తుండె. అవతల పాల దొడ్డి ఉండె."

తలుపు కిర్రుమంది. లోపలి గదిలోంచి మా బిడ్డ తల బయటపెట్టింది.

"బర్రెలు ఏ దిక్కుకుండె బాపు?"

నెల రోజుల తర్వాత నా బిడ్డ నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఎవరైనా నవ్వినా సరే చెప్తాను, బర్రెల పేరు వింటే ఈనాటికీ నా ప్రాణం లేచి వస్తుంది! పడమటి దిక్కుకని చెప్పాను. బిడ్డ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. సుద్దముక్క నా చేతిలోంచి తీసుకొని పడమటి గోడ మీద నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు గీసింది. టీచరమ్మ అరచేయి తిప్పి గడియారం చూసుకొని, "నాకు ఆటో దొరకదు, నేను పోత," అని లేచింది. ఆటోలు ఇంకా రెండు గంటలు దొరుకుతాయి. మమ్మల్ని వదిలిపెట్టి పోవడానికే అట్లా అంది.

ఆ పొద్దు మా అమ్మ గురించి నాకు గుర్తున్నదంతా చెప్పాను. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పాను. బిడ్డ రాసుకుంది.

వచ్చే ఈస్టర్ దాకా టీచరమ్మ ఆగలేదు. ఆ శనివారమే పిల్లలందరినీ తోటకు తీసుకుపోయింది. పడమటి గోడవార పేరు లేని దిబ్బలు పదకొండు ఉన్నాయి, సగం గడ్డిలో మునిగి. మా బిడ్డ వాటి ముందు నిలబడి ఒక్కొక్కటీ చూస్తోంది.

"వీటిల్ల నాయినమ్మది ఏది టీచరమ్మా?"

"నాకూ తెల్వదు బిడ్డా. తెల్వదని రాస్కో. కని గీ పదకొండ్లల్ల ఒకామె మీ నాయినమ్మ. అన్నిటికీ ఏద్దం సున్నం."

"మరి తక్కినయి ఎవరియి?"

"ఎవరో ఒకరి నాయినమ్మలే గద. వాళ్ళకు మాత్రం చేదా?"

పిల్లలు గడ్డి పీకారు, మట్టి ఎగదోశారు, కుంచెలు ముంచారు. ఇంతలో కార్వాన్ పెద్దమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. ఒక గిన్నెడు ఉడకబెట్టిన శనగ గుడాలు మోసుకొచ్చి మా ఇంటామె చేతిలో పెట్టింది.

"నా మొగన్ని మీ పిల్ల మూడేండ్లు మంచిగ చూసుకున్నది. నేనొక్క దినం మీ అత్తను చూసుకోనా?" అని కొంగు చెక్కుకొని కుంచె అందుకుంది.

పని అయ్యాక నోటుబుక్కు చదివే వంతు వచ్చింది. మా బిడ్డ మొదటి దిబ్బ ముందు కూర్చొని చదివింది. జోలపాట, జొన్నరొట్టె, ఇటుకలు మోసిన తలగుడ్డ. తర్వాత లేచి రెండో దిబ్బ ముందు కూర్చొని మళ్ళీ మొదటినుంచి చదివింది. మూడోదాని ముందు మళ్ళీ. మా అమ్మ కథ పదకొండుసార్లు చదివింది, ఎక్కడున్నా వినపడాలని. ఎండ మండిపోతోంది. పిల్లలెవరూ కదల్లేదు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఆ సంతోషం ఎట్లా చెప్పను? నా పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు, మా ఇంటామె చదివినా సరే ఈ మాట కొట్టేయను.

అప్పటినుంచి ఏటా ఆ వరుస సండే స్కూలుదే. మొత్తం వరుస తెల్లగా కనిపించేసరికి తోటకు వచ్చినవాళ్ళు ఆగి అడగడం మొదలుపెట్టారు. అట్లా అడిగినవాళ్ళలో కొందరికి తమవాళ్ళు గుర్తొచ్చారు. నాలుగు దిబ్బలకు పేర్లు దొరికాయి. మా అమ్మ మిగిలిన ఏడింట్లో ఉంది. ఏడు చోట్లా ఉందనుకుంటాను నేను.

టీచరమ్మకు మోకాళ్ళు సహకరించని రోజులు వచ్చాక సంచి మా బిడ్డ చేతికి ఇచ్చింది. నేను అప్పుడప్పుడు శాలిబండ పోయి చూసి వచ్చేవాణ్ణి. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంటే "బాగున్నవా" అనేది కాదు. "వరుస ఎట్లున్నది తమ్మీ?" అనేది. బాగుందని చెప్తే తల ఊపి, డబ్బాలోంచి చింతపండు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టేది. అరవై దాటినవాణ్ణి, చిన్నపిల్లవాడిలాగా చప్పరించుకుంటూ మెట్లు దిగేవాణ్ణి. ఆ మెట్లు మళ్ళీ ఎక్కాలని ఉంది. పైకి పోతే తలుపుకు తాళం.

ఆమెకు మట్టి వేసింది కూడా ఆ గోడవారనే, వరుస చివర. పాడవలసిన పాటలన్నీ పాడాం. తర్వాత అయ్యగారు చర్చిలో రిజిస్టర్ తెరిచి, కళ్ళజోడు సర్దుకొని అడిగారు.

"తండ్రి పేరు?"

అందరం మా బిడ్డ వైపు తిరిగాం.

"తల్లి పేరన్నా చెప్పండి."

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇరవై మందిమి ఉన్నాం. మా అందరి తాతల పేర్లు, అవ్వల పేర్లు, వాళ్ళ తాపీలు, కత్తెర్లు, పళ్ళ సెట్లు కూడా ఆమెకు తెలుసు. ఆమెను కన్నతల్లి పేరు మాలో ఒక్కరికీ తెలియదు. మా ఇంటామె ఒకసారి అడిగిందట. "నాదేమున్నదమ్మా, ముందు మీయి కానియ్యిండ్రి," అని మాట తప్పించిందట. ఇంకోసారి అడగాలని ఎవరికీ తోచలేదు. నేనైతే ఆ ఒక్కసారి కూడా అడగలేదు. ఎన్నిసార్లు మెట్లెక్కాను! ఎన్ని బిళ్ళలు చప్పరించాను! ఒక్కసారి "మీ అమ్మ ఎవరు టీచరమ్మా" అనడానికి నోరు రాలేదా నాకు? ఆమె కోసం ఎంత అల్లాడుతున్నానో ఈ ఒక్క మాట కోసం అంతకంటే ఎక్కువ అల్లాడుతున్నాను.

అయ్యగారు పెన్ను మూయబోయారు. మా బిడ్డ ముందుకు వచ్చింది.

"మూయకుండ్రి అయ్యగారూ. ఆ గడి ఇడిసిపెట్టుండ్రి. మేము అడుగుకొస్తం."

ఆ తర్వాతి ఆదివారమే పిల్లల్ని ఇద్దరిద్దరిగా పంపింది. సైకిల్ షాపు వాళ్ళను అడిగారు, పాలాయనను అడిగారు, ఆమెతో బళ్ళో పనిచేసిన వాళ్ళను అడిగారు. పులుపంటే ఇష్టమని ఒకరు, వానాకాలం ఆమె గది కురిసేదని ఒకరు చెప్పారు. తల్లి సంగతి ఎవరికీ తెలియదు. పిల్లలు ముఖాలు వేలాడేసుకొని వచ్చారు. అప్పుడు మా బిడ్డకు కార్వాన్ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఏటా సున్నం వేసే రోజు పెద్దమ్మ, టీచరమ్మ గోడ నీడన కూర్చొని తమలపాకులు నమిలేవాళ్ళు. బిడ్డ నన్నూ వెంట తీసుకుపోయింది. పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. మంచం మీదే కూర్చొని ఉంది.

"టీచరమ్మ వాళ్ళమ్మనా? పేరు నాకూ చెప్పలే బిడ్డా. కని ఒకపారి ఏమైందో చెప్తా. సమాధి ఊడ్వనీకి నేను ఇంట్ల చీపురు తెచ్చిన. అది నడిమిట్ల ఊడిపోయింది. ఆమె గుంజుకొని, మాట్లాడుకుంటనే, చెయ్యి చూడకుంటనే మల్ల అల్లి కట్టింది. యాడ నేర్చినవంటే, మా అమ్మ ఈత చీపుర్లు అల్లి గల్లీ గల్లీ అమ్ముతుండె, నేను ఆమె చంకల ఉంటుంటి, అన్నది. నాక్కూడ నేర్పింది. ఉండు, ఆ అల్లిక నాకింకా వస్తది."

మా బిడ్డ పెద్దమ్మ చేతులు రెండూ పట్టుకొని కళ్ళకు అద్దుకుంది.

రిజిస్టర్‌లో ఆ గడిలో ఇప్పుడు ఇట్లా ఉంది: "తల్లి: ఈత చీపుర్లు అల్లి అమ్మిన ఆమె. పేరు అడుగుతున్నాం." రిజిస్టర్‌లో ఇట్లా రాస్తారా అని అయ్యగారు కాసేపు తటపటాయించారు. మా బిడ్డ చూసిన చూపుకు రాసేశారు. తండ్రి గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఏదైనా తెలిస్తే, చిన్న ముక్కైనా సరే, వచ్చి మా పిల్లలకు చెప్పండి.

పోయిన శనివారం పెద్దమ్మను ఆమె కొడుకులు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి చర్చి ఆవరణలో దించారు. మేము ఈత మట్టలు తెచ్చి పోశాం. ముళ్ళు నేను కోసిపెట్టాను. ఆకును గోటితో సన్నగా చీల్చి, పిడి దగ్గర జడలా అల్లడం పెద్దమ్మ చూపించింది. "గట్ల కాదే, గట్టిగ గుంజు! మీ అత్త ఇంట్ల రెండు దినాలు గూడ నిలువదు నీ చీపురు!" అని ఆడపిల్లల్ని, మగపిల్లల్ని ఒకేలాగా తిట్టింది. పిల్లల వేళ్ళు గీసుకుపోయాయి. మా బిడ్డ వాళ్ళ నడుమ చాప మీద కూర్చొని అల్లుతోంది, ముఖం మీద వెంట్రుకలు పడుతున్నా తోసుకోకుండా. నా బిడ్డను అట్లా చూడడానికే దేవుడు నన్ను ఇన్నాళ్ళు ఉంచాడేమో.

సాయంత్రం ఆ చీపుర్లు పట్టుకొని అందరం తోటకు పోయాం. కొత్త మట్టికి సున్నం వేయకూడదు, ఒక వానాకాలం గడిచి మట్టి కుంగాలి. అందుకని పిల్లలు గోడవార వరుసంతా ఊడ్చారు. వెనక్కి వెనక్కి నడుస్తూ, తమ అడుగులు తామే చెరుపుకుంటూ గేటు దాకా వచ్చేశారు. అందరూ వెళ్ళిపోయాక నేను ఒక్కణ్ణే గేటు దగ్గర నిలబడ్డాను. గోడ పొడుగునా మెత్తటి దుమ్ము మీద సన్నటి చీపురు గీతలు. ఎక్కడా ఒక్క అడుగు గుర్తు లేదు. ఎవరో ఇప్పుడే లేచి వాకిలి ఊడ్చుకొని, చీపురు మూలకు పెట్టి లోపలికి పోయినట్టుంది.